నేను, నల్ల తుమ్మెదను

నేను నల్ల తుమ్మెదను. బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లో, చిక్కుడు పందిరికి పాతిన ఎండు వెదురు గుంజలో పుట్టాను. ఆ బొంగును మా అమ్మ నోటితోనే తొలిచింది. పుప్పొడీ తేనే కలిపిన ముద్ద పెట్టి, దానిమీద ఒక గుడ్డు పెట్టి, వెదురు పొట్టుతో అడ్డుగోడ కట్టింది. అలా గది వెనక గది. మేం కట్టెను తొలుస్తాం గానీ తినం. ఇది తెలియక, గుంజ కింద పొట్టు రాలితే చాలు, పొగ పెడతారు.

మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ప్రాజెక్టు మాది. అప్పటి చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించాడు. 2,75,000 ఎకరాలు తడపాలన్నది సంకల్పం. ఆ నీళ్లను నమ్ముకునే 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2015లో అది మూతపడింది. చెరుకు పండిన మడుల్లో ఇప్పుడు ఎక్కువగా వరే. మనుషులకు అది బతుకే తారుమారైన సంగతి. నాకైతే రెండు పైర్లూ ఒకటే. చెరుకును ముచ్చెలతో నాటుతారు, వరి కంకికి గాలి చాలు. కనుచూపు మేర పచ్చగా ఉన్న ఈ ఆయకట్టులో నా కడుపు నిండేది గట్ల మీది తంగేడు దగ్గర, జిల్లేడు దగ్గర, ఇళ్ల పెరళ్లలో.

నా గుంజ ఉన్న ఈ పెరడు ఒక అవ్వది. వానల్లో నారు పోసి, బతుకమ్మ నాటికి టమాట మొక్కలు బోదెల మీద పెడుతుంది. పక్కన బంతి. బతుకమ్మకు కోయగా మిగిలిన బంతిపూలు ఊరికే పోవు. కాయతొలిచే శనగపచ్చ పురుగు తల్లి బంతి మీద మోజుపడి అక్కడే గుడ్లు పెడుతుంది, టమాట కొంత తేరుకుంటుంది. అందుకే రైతులు బంతిని ఎర పంటగా వేస్తారు.

తంగేడు పూవుకూ టమాట పూవుకూ ఒక పోలిక ఉంది. రెండింట్లోనూ తేనె లేదు, ఉన్నది పుప్పొడే. అదీ కేసరాల లోపల, చిల్లుల మూత పెట్టిన ఉప్పు డబ్బాలో ఉన్నట్టు దాగి ఉంటుంది. తేనెటీగ దాన్ని రాల్చలేదు. నేను పూవును కాళ్లతో పట్టుకుని, రెక్కలు ముడిచి, ఎగరడానికి వాడే కండరాలనే గట్టిగా అదిలిస్తాను. నా ఝంకారం అక్కడ పదునెక్కుతుంది, పుప్పొడి జలజలా నా పొట్ట మీద రాలుతుంది. టమాట తన పుప్పొడితో తానే కాయగలదు, గాలి ఊపినా కొంత కాస్తుంది. కానీ మేమో, నీలిచారల ఈగలో వచ్చి అదిలిస్తే గింజ నిండుతుంది, కాయ బరువెక్కుతుంది. యూరప్‌లో అద్దాల ఇళ్లలో టమాట పండించేవాళ్లు 1980ల చివరినుంచి మా దాయాదులైన బొంతతేనెటీగలను పెట్టెల్లో కొని తెచ్చుకుంటున్నారు. ఇక్కడ మేం ఊరికే వస్తాం.

“అవ్వా, గీ తుమ్మెద కుడ్తదే!” అని మనవరాలు ఒకనాడు చీపురెత్తింది.

“ఏమనకు బిడ్డా. గది పూలకొచ్చింది, నీకోసం గాదు” అంది అవ్వ.

నిజమే. మా మగవాళ్లకు ముల్లే లేదు. నాకుంది గానీ, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టను.

చలికాలమంతా సందడే. పండిన కాయకు పికిలిపిట్ట ముందు వస్తుంది, దాని వెనక ఉడుత. పాలపిట్ట తీగ మీద కూర్చుని మిడతల కోసం చూస్తుంది. మొక్క మొదట్లో తొండ కాపు కాస్తుంది. దానికి నేనూ తిండే. ఎండలు 35 డిగ్రీలు దాటాక నేనెంత అదిలించినా లాభం లేదు, పుప్పొడి చచ్చుబడి పూలు రాలిపోతాయి. మళ్లీ మిరుగం వాన పడితే ఆరుద్ర పురుగులు ఎర్రగా నేలమీదికి వస్తాయి, కాలువ పొడుగునా కప్పలు మొదలుపెడతాయి.

నాకు భయమంతా మందుతోనే. తెల్లదోమ కోసం కొట్టే ఇమిడాక్లోప్రిడ్ లాంటిది ఆకు మీద ఆగదు, మొక్కంతా పాకి పుప్పొడిలోకి చేరుతుంది. ఆ పుప్పొడినే నేను నా పిల్లల గదుల్లో ముద్దగా పెడతాను.

నా ఆయుష్షు ఏడాది. ఇప్పుడు ఇదే గుంజలో నా గుడ్లున్నాయి. అమ్మా, అయ్యా, మీకు నా మనవి ఇది: పూత మీద మందు కొట్టకండి. గట్టు మీది తంగేడును నరకకండి. పందిరి మార్చేటప్పుడు పాత వెదురు గుంజలను పొయ్యిలో పెట్టకుండా పెరటి గోడకు ఆనించి ఉంచండి.