గ్యాసు బండకు టీకా తాత్పర్యం

మూలం: లడ్డుకు కాగితం, నీటికి గట్టు, గ్యాసుకు బండ.

ప్రతిపదార్థం: లడ్డుకు = బందరు లడ్డుకు (వేరే లడ్డు ఇక్కడ ప్రమాణం కాదు); కాగితం = ఈగల నిమిత్తం; నీటికి = పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమ చేరే కృష్ణ నీటికి; గట్టు = పక్కలు కాసేది; గ్యాసుకు = వంటగ్యాసుకు; బండ = అన్ని వైపులా మూసినది.

టీక: సూత్రకారుడు కాపలాను బట్టి పదార్థాన్ని పోల్చుకుంటున్నాడు. ఘనానికి ఆకారమూ ఘనపరిమాణమూ రెండూ సొంతమే గనక కాపలా అక్కర్లేదు. శనగపిండి పూసను నేతిలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంతో తొక్కి చుట్టిన ఉండ పళ్ళెంలో ఉన్నా అరచేతిలో ఉన్నా ఉండే. ఇక్కడ గుడివాడ మిల్లు పక్షంవారి ఆక్షేపం: బియ్యం బస్తాలో బస్తా రూపం, కుంచంలో కుంచం రూపం పొందుతోంది, కనుక ద్రవమే కదా? కాదు. కుంచం నిండాక బియ్యం అంచు పైన కుప్పగా నిలుస్తుంది, నీళ్ళయితే పొర్లిపోతాయి. ఏ గింజా తన ఆకారం వదులుకోలేదు, గింజల మధ్య సందులే సర్దుకున్నాయి. కుంచాన్ని కుదిపి కొలిపించుకునే గడసరులకు ఈ భేదం వ్యాఖ్యాతలకంటే బాగా తెలుసు.

నీటికి పరిమాణం సొంతం, ఆకారం అరువు. అక్విడక్టులో తొట్టి రూపం, మడిలో పలక రూపం. కింద నేల, పక్కన గట్టు ఉంటే చాలు, మూత అడగదు. శివారు రైతు ఒప్పుకోడు: లాకుల దగ్గర వదిలినంత నీరు నా చేలోకి రానప్పుడు పరిమాణం నిలకడ ఎక్కడిది? కొంత ఇంకింది, కొంత ఆవిరైంది, తక్కింది ఎగువవారు మళ్ళించుకున్నారు. నీటి నియమం తప్పలేదు, తప్పింది వంతు. ఇక గట్టు చాలని నీరు ఏ ఆకారం తీసుకుంటుందో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ చూసింది. దానిమీద టీక రాయడం తగదు.

వాయువుకు రెండూ అరువే. బండ ఊపితే లోపల ద్రవం కదులుతోందే అంటారా, నిజమే. ఒత్తిడి పెట్టి, ద్రవంగా మార్చి నింపిన 14.2 కిలోలవి. బయటపడితే 200 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. గాలికంటే బరువు కదా, నేలనంటి ఉంటుందిగా అని చివరి ఆక్షేపం. మొదట నేలమీదే పాకుతుంది, కానీ అక్కడ ఆగదు. గాలిలో కలుస్తూ గదంతా పరుచుకుంటుంది.

తాత్పర్యం: గ్యాసు వాసన తగిలితే వ్యాఖ్యానం ఆపి, స్విచ్చి జోలికి పోకుండా, రెగ్యులేటరు కట్టేసి తలుపులు తీయండి.