శవానికి కొత్త కుండ, అవ్వకు పాత మగ్గు

అంటురోగాలను ఆపడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. నమ్మకపోతే ఎల్లారెడ్డిపేటలోనో, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనో ఒక చావింటికి వెళ్లి చూడండి. శవానికి నీళ్లు పోయడానికి కొత్త కుండ, కప్పడానికి కొత్త బట్ట. పని కాగానే ఆ కుండ పగలడమో పారేయడమో జరగాలి తప్ప, రెండో మనిషికి దాంతో నీళ్లు పోస్తే ఊరు ఊరుకోదు. పాడె మోసినవాడు, మోయనివాడు, దూరంగా నిలబడి ఫోను చూసుకున్నవాడు, అందరూ తానం చేశాకే ఇంటి గడప తొక్కుతారు. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకపోవడం, ముట్టుకున్నాక కడుక్కోవడం, అక్కడి బట్టలు ఇంట్లోకి తేకపోవడం. పెద్ద దవాఖానలు ట్రైనింగులు పెట్టి నేర్పే సంగతులన్నీ మనకు పుట్టుకతోనే వచ్చు.

చిక్కల్లా ఒక్కటే. మన జాగ్రత్తలు మనిషి పోయాక మొదలవుతాయి.

అదే మనిషి పోకముందు ఏదో ఒక వృద్ధాశ్రమంలో ఉన్నాడనుకోండి. ఫలానా ఆశ్రమమని వేలు చూపను. చూపితే మిగతావన్నీ మేం కాదులే అని ఊపిరి పీల్చుకుంటాయి. పొద్దున్నే తానాల వరస మొదలవుతుంది. ఒక బకెట్, ఒక మగ్గు, ఒక సబ్బు, ఒక బీరపీచు, ముగ్గురికో నలుగురికో ఒక తువ్వాల. పక్షవాతం తాతను రుద్దిన పీచే, పడుకుని పడుకుని నడుము కింద పుండు పడ్డ అవ్వనూ రుద్దుతుంది. చాయ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన తరం ఇది. బతుకంతా వేరువేరు గ్లాసుల్లో తాగినవాళ్లు ఆఖరికి ఒక్క మగ్గు కిందికి చేరారు. సమానత్వం ఈ దారిన వస్తుందని రాజ్యాంగం రాసినవాళ్లు అనుకుని ఉండరు.

కొన్నాళ్లకు గోకుడు మొదలవుతుంది. వెంటనే తీర్పు వచ్చేస్తుంది: "వేడి చేసిందవ్వా, జర మజ్జిగ తాగు." గజ్జి పురుగుకు మజ్జిగంటే ఏ పేచీ లేదు. మొదటిసారి సోకినవాళ్లకు దురద తెలియడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ లోపల అది చర్మం కింద సొరంగం తవ్వి, గుడ్లు పెట్టి, పక్క మంచం మీదికి పిల్లల్ని కాపురానికి కూడా పంపేస్తుంది. అందుకే దురద ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ, ఆయాలకు సైతం, ఒకే రోజు పెర్మెత్రిన్ క్రీము రాయాలి. ఆ రోజే పక్కబట్టలు, తువ్వాలలు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివాటిని కవర్లో కట్టి కనీసం 3 రోజులు ముట్టుకోకూడదు. మనిషి ఒళ్లు దొరక్కపోతే పురుగు సాధారణంగా అంతకుమించి బతకదు. మరి మనం? గోకేవాడికి ఒక ట్యూబు కొనిస్తాం. అతనికి తగ్గేసరికి పక్కవాడికి మొదలు. పక్కవాడి ట్యూబు అయిపోయేసరికి మళ్లీ ఇతనికే. మందుల షాపాయనకు ఇంతకన్నా నమ్మకమైన ఖాతా జిల్లాలో దొరకదు.

1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరుండేవాడు. అక్కడి డాక్టర్లు శవాలు కోసి, అవే చేతులతో కాన్పులు చేసేవాళ్లు. ఆ ఏప్రిల్‌లో అతని వార్డులో నూటికి 18 మంది బాలింతలు పోయారు. మే నెలలో అందరి చేతులూ క్లోరిన్ సున్నం నీళ్లతో కడిగించాడు. జూన్‌కల్లా ఆ చావులు నూటికి రెండు దగ్గరికి దిగాయి. పెద్ద డాక్టర్లలో చాలామంది మెచ్చుకోకపోగా, మా చేతులు మురికివంటావా అని ముఖం తిప్పుకున్నారు. మనది అక్కడికి సరిగ్గా తలకిందులు. శవాన్ని ముట్టుకుంటే తలమీద నుంచి నీళ్లు. బతికున్న పుండు నుంచి బతికున్న ఇంకో పుండుకు పోయేటప్పుడు మాత్రం చెయ్యి కొంగుకు తుడుచుకుంటే చాలు.

ఆ క్లోరిన్ సున్నమే మన బ్లీచింగ్ పౌడరు. ఇక్కడ దానికి వేరే ఉద్యోగం ఉంది. పెద్దమనిషి వస్తున్నాడంటే రోడ్డుకు రెండు పక్కలా తెల్లగీతలై పడుకుంటుంది. రోడ్డు అంచు నుంచి నాయకులకు సోకే జబ్బేమిటో వైద్యశాస్త్రం ఇంకా కనిపెట్టాలి. తానం చేయించే కుర్చీని ముందు సబ్బుతో తోమి, పౌడరు లెక్కప్రకారం కలిపిన నీళ్లతో పది నిమిషాలు తడిగా ఉంచి కడిగితే అది చేయాల్సిన పని చేస్తుంది. ఇరవై మందికి ఒక్క ఆయాను పెట్టి, పది నిమిషాలు ఆగమంటే ఎవరు ఆగుతారు? జబ్బు పాకితే తప్పు ఆమెదే. గ్లవుజులేమో తనిఖీ రోజు కోసం బీరువాలో భద్రంగా ఉంటాయి.

చట్టాన్ని అడుగుదామా? 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అంది. అక్కడ అందే సేవలకు ప్రమాణాలు పెట్టేటప్పుడు వైద్యం, వినోదం అని పేరుపెట్టి చెప్పింది. తానం ఊసెత్తలేదు. అందుకే కాబోలు, గోక్కుంటూ చూడటానికి టీవీ దొరుకుతుంది.

"అమెరికాలో మాత్రం?" అని సమర్థించుకునేవాళ్లున్నారు. నిజమే. 2009లో అచ్చయిన ఒక పరిశీలనలో అక్కడి మూడు ఆసుపత్రుల నుంచి, రోగుల ఒళ్లు తుడిచే 92 బేసిన్లు తీసి చూస్తే 98 శాతంలో బ్యాక్టీరియా పెరిగింది. నీళ్లు సుడి తిరిగే ఖరీదైన తొట్లయితే ఇంకా తంటా. గొట్టాల లోపల పట్టిన జిగురును వదిలించడం అంత తేలిక కాదు. మన మగ్గుకు గొట్టాల్లేవు. పోసిన నీళ్లు ఒంటి మీద నుంచి జారి మోరీలోకి పోతాయి, మురికిలో మనిషి నానడు. పద్ధతి వాళ్లకన్నా మనదే మేలు. కడిగి బోర్లించి ఎండలో పెడితే అయిపోయే పనికి మన దగ్గర కొరత ఎండదా? సిరిసిల్లలో మే నెల గడిపినవాళ్లెవరూ ఆ మాట అనరు.

దుబాయ్ నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తాడు. "బాపూ, తానం పోసిండ్రా?" "పోసిండ్రు కొడుకా." ఏ మగ్గుతో అని కొడుకు అడగడు. అడగాలని అతనికెవరు చెప్పారు?

ఇక దాతలు. పుట్టినరోజు వచ్చిందంటే అరటిపళ్లు, దుప్పట్లు, ఒక పండును ఏడుగురు పట్టుకున్న ఫోటో. గోడగడియారం మీద దాత పేరు, బీరువా మీద పేరు, ఫ్యాను రెక్కల మీద పేరు. ఆ చివరిది చదవాలంటే కరెంటు పోవాలి. కూర్చుంటే నీళ్లు నిలవకుండా కిందికి పోయే, జారని కాళ్లున్న తానం కుర్చీ మీద పేరు రాయించుకున్న మహానుభావుడు మాత్రం నాకు తగల్లేదు. దాని పక్కన నిలబడి ఫోటో దిగితే బాగుండదని కాబోలు.

అయ్యా, ఈసారి అరటిపళ్లు మానండి. మనిషికొక మగ్గు, మనిషికొక తువ్వాల, మనిషికొక సబ్బు కొనండి. పేరు లేనిదే చెయ్యి రాదంటే, చెరిగిపోని రంగుతో మగ్గు మీద పేరు కూడా రాయించండి. మీది కాదు. దాంతో నీళ్లు పోసుకునే అవ్వది.