కోల్డ్‌ప్లే పద్యానికి పాతగూడెం టీక

ఆ. క్యూన నిలిచి నిలిచి కోల్పోయె నెల జీత
మతడు, గంతులేసె మంది నడుమ
చేతి పట్టి వెలుగ చీకటి మఱచెను
పాట వినెనొ, ఫోను పట్టినాడొ!

అవతారిక: కవి తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు. అప్పులవాళ్ల భయమని ఊహ. కాలం మాత్రం తేటతెల్లం. లండన్ బృందం కోల్డ్‌ప్లే 2025 జనవరి 18, 19, 21 తేదీల్లో నవీ ముంబయి డి.వై. పాటిల్ స్టేడియంలోనూ, 25, 26 తేదీల్లో అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలోనూ పాడింది. అంతకు ముందు వాళ్లు ముంబయిలో పాడింది 2016 నవంబరులో. అంటే పుష్కరానికి నాలుగేళ్లు తక్కువ. 2022లో ప్రాణహిత పుష్కరాలకు సిరొంచ ఘాట్లో మునిగిన మాకు అంత ఎదురుచూపు వింత కాదు, మునగడానికి టికెట్టు ఉండడమే వింత.

టీకాకర్తది సిరొంచ వైపు పాతగూడెం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇంద్రావతి వంతెన దాటితే ఛత్తీస్‌గఢ్. ముంబయి మా రాజధానే గాని వెయ్యి కిలోమీటర్ల పైమాట. ఆ పాటల కోసం పశ్చిమ రైల్వే అహ్మదాబాదుకు ప్రత్యేక రైళ్లు వేసిందట. సిరొంచకు మామూలు రైలే లేదు. చూడనివాడు వ్యాఖ్య ఎలా రాస్తాడంటారా? మెదకు సీమ మల్లినాథసూరి కాళిదాసును చూసే సంజీవని రాశాడా? అయితే మూలంలో లేనిది రాయనని ఆయన ప్రతిజ్ఞ చేశాడు. నేను చేయను.

ప్రతిపదార్థం: క్యూన = వరుసయందు (నేలమీది వరుస కాదు; 2024 సెప్టెంబరు 22న బుక్‌మైషో తెరమీది వరుస. ముందు లక్షలమంది ఉన్నారని అంకె చెప్పేది, ఒక్క ముఖమూ కనబడేది కాదు); నిలిచి నిలిచి = కూర్చుండియే; నెల జీతము = ముప్పై రోజుల కష్టమును (టికెట్టు 2,500 మొదలు 35,000 రూపాయల దాకా; బ్లాకులో లక్షలు. ఎవరి జీతమో కవి చెప్పలేదు గనుక అతిశయోక్తి అనరాదు); కోల్పోయె = పోగొట్టుకొనెను; అతడు = ఆ ధన్యుడు; మంది నడుమ = జనసమూహమధ్యమున (అహ్మదాబాదులో లక్షకు పైమాటే); గంతులేసె = ఎగిరెను; తక్కినది సులభము.

తాత్పర్యం: డబ్బు పోయింది, కాళ్లు నొప్పెట్టాయి, బాగుంది.

విశేషాలు: 'గంతులేసె' అన్నది పాదపూరణమని తోసేయకూడదు. 2022లో మొదలైన ఈ బృందయాత్రలో స్టేడియం నేలమీద కొంత భాగం గంతు పడితే కరెంటు పుట్టేలా పరిచారు. పక్కన తొక్కితే కరెంటిచ్చే సైకిళ్లు పెట్టారు. ఆ కరెంటు బ్యాటరీల్లోకి చేరి ప్రేక్షకుల మధ్య ఉండే చిన్న వేదికకు పనికొస్తుంది. ఈ సంగతి మా పక్కింటి పెద్దవ్వకు విడమరిచి చెబితే కాసేపు ఆలోచించి, "పైసలూ మనయే, కాళ్లూ మనయేనా బిడ్డా?" అంది. ఇంతకు మించిన విమర్శ ఏ పత్రికలోనూ చదవలేదు.

'చేతి పట్టి' దగ్గర ఇంకొంచెం ఆగాలి. లోపలికి వచ్చే ప్రతివాడి మణికట్టుకూ దీపాల పట్టీ ఇస్తారు. 2012 నాటి మైలో జైలోటో యాత్ర నుంచీ వాళ్లకిది వాడుక. పట్టీకి సొంత బుద్ధి లేదు. ఎక్కడి నుంచో సంకేతం వస్తుంది, ఎరుపంటే ఎరుపు, పసుపంటే పసుపు. అట్టడుగు ధరవాడి చెయ్యీ ముప్పైఐదు వేలవాడి చెయ్యీ ఒకేసారి వెలుగుతాయి. వేదిక మందికి వెలుగిస్తుంది, మంది వేదికకు వెలుగిస్తుంది. కనుక ఇక్కడ అన్యోన్యాలంకారం. చూడవచ్చినవాడే చూడదగ్గ వస్తువవడం, నా మట్టుకు, ఆ జీతానికి దక్కిన అసలు సరుకు. పాటలు ఇంట్లోనూ వినొచ్చు. పోతే, ఆ పట్టీ మొక్కల నుంచి తీసిన ప్లాస్టిక్కు, వెళ్లేటప్పుడు వెనక్కివ్వాలి. కవి 'చీకటి మఱచెను' అన్నాడే గాని 'పట్టీ తిరిగి ఇచ్చెను' అనలేదు. ఇందుచేత నాయకునిపై చోరత్వ శంక కలుగుచున్నది.

ఆక్షేపణ: నాలుగో పాదంలో కవి నాయకుణ్ణి నిందించాడా? కొందరు అవునంటారు. వారికి ప్రమాణం ఉంది: 'ఎ స్కై ఫుల్ ఆఫ్ స్టార్స్' పాటను గాయకుడు క్రిస్ మార్టిన్ మధ్యలో ఆపేసి, ఈ ఒక్కదానికీ ఫోన్లు జేబులో పెట్టండని అడిగి, మళ్లీ ఎత్తుకోవడం ఆ సభల్లో రివాజు. పాడేవాడే బతిమాలుకునే స్థితి వచ్చిందంటే నింద న్యాయమే.

సమాధానం: అది అహ్మదాబాదులో న్యాయం. జనవరి 26 నాటి సభను డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ నేరుగా చూపింది. పొద్దున బడిలో జెండాకు దండం పెట్టిన మా పిల్లలు ఆ రాత్రి సిగ్నల్ దొరికే అరుగు వెతుక్కుని, ఒక ఫోను చుట్టూ తలలు చేర్చారు. అక్కడ ఫోను పట్టుకున్నవాడు పాట వినలేదు. ఇక్కడ పట్టుకోనివాడు వినలేదు. కాబట్టి మా ఊళ్లో ఆ పాదానికి వేరే పాఠం చెల్లుతోంది: 'పాట వినెను, ఫోను పట్టినాడు'. సందేహాలంకారం పోయి స్వభావోక్తి మిగిలింది. ఆటవెలది గణాలు రెండు పాఠాలకూ చెల్లుతాయి. రోజుకిచ్చే ఒకటిన్నర జీబీ మాత్రం ఆఖరి పాటల దాకా చెల్లలేదు.