మూడు రేకుల తొక్కను నేను

నేను కమలాపండు తొక్కను. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, జియాంగ్‌మెన్ నగరం కిందికి వచ్చే షిన్‌హుయ్ నా సొంతూరు. పడమటి నుంచి వచ్చే షిజియాంగ్, తాన్‌జియాంగ్ నదుల మంచినీళ్ళకు సముద్రం పోటు వచ్చి కలిసే ఒండ్రు నేల అది. ఆ నేలలో పండే కమలా రకం తొక్కకు ఉన్న వాసన ఇంకెక్కడి తొక్కకూ రాదని మా వాళ్ళు తరతరాలుగా చెబుతారు. వైద్యులూ అదే మాట అన్నారు. లీ షిజెన్ తన మహా ఔషధ గ్రంథాన్ని 1578లో ముగించాడు, 1596లో అది అచ్చయింది. దేశంలో దొరికే కమలా తొక్కల్లో గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చేదే మేలైనదని అందులో రాశాడు.

మా ఊళ్ళో పండు కన్నా తొక్కకే విలువ. తొక్క జాగ్రత్తగా ఒలిచి తీసుకుని, తొనలను కాలవగట్ల మీద పారబోసిన రోజులున్నాయి. ఒకే కొమ్మన కలిసి పెరిగినవాళ్ళం, నాకు ఆ తొనల మీద దిగులుండేది. ఇప్పుడు వాటితో వెనిగరూ పానీయాలూ చేస్తున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడు మనసు కుదుటపడింది.

కాయ పచ్చిగా ఉండగా కోస్తే ఒక రకం తొక్క, రంగు తిరిగేటప్పుడు కోస్తే ఇంకో రకం. మరీ చిన్న పచ్చికాయల్ని తొలిచి, లోపల యున్నాన్ నుంచి వచ్చే పుయర్ తేయాకు కూరి అమ్మడం ఈమధ్య బాగా నడుస్తోంది. నేను మాత్రం పూర్తిగా ఎర్రబారేదాకా చెట్టు మీదే ఉన్నాను. చలికాలం ముదిరాక నన్ను కోశారు. ఆ ఏడే ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. ఆడపిల్ల పుట్టిన ఏడు ఎండబెట్టిన తొక్కల్ని పెళ్ళినాటికి దాచిపెట్టి సారెతో పంపడం మా ప్రాంతంలో ముచ్చట. ఆ పనికి నన్ను ఎంచింది ఆ పిల్ల నానమ్మ.

ఆమె చాకు పట్టిన తీరు ఇప్పటికీ గుర్తే. పండు పైనుంచి కిందికి గీతలు పెట్టి, అడుగున అంటుకునే ఉండేలా మూడు రేకులుగా విప్పింది. తొక్క కొంచెం వాడి మెత్తబడ్డాక తెల్లటి లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసింది. ఉత్తరపు పొడిగాలి వీచే రోజుల్లోనే ఆ పని చేసేది. గాలిలో తేమ ఉంటే అప్పుడే నల్లమచ్చలు వస్తాయి. పెళుసుగా ఎండాక సంచిలోకి, తర్వాత జాడీలోకి ఎక్కాను.

ఎండబెడితే పని అయిపోయినట్టు కాదు. మూడేళ్ళు నిండనిదే మమ్మల్ని పాత తొక్క కింద లెక్కెయ్యరు. మాకు గండం వసంతంలో వస్తుంది. దక్షిణపు తేమగాలికి ఇళ్ళ గోడలు చెమటలు పట్టి, నేల మీద నీళ్ళు నిలుస్తాయి. ఆ రోజుల్లో జాడీ మూత తీస్తే బూజు ఖాయం. తేమ పోయి మంచి ఎండ కాసే రోజు చూసి నానమ్మ మమ్మల్ని చాపల మీద పరిచేది. పురుగు తొలిచినవి ఏరి పారేసి, మిగతావి చల్లారాక మళ్ళీ జాడీకి ఎత్తేది. ప్రతి ఏడూ ఇదే తంతు. ఎర్రగా ఉన్న నా వీపు గోధుమరంగుకు, ఆపైన దాదాపు నలుపుకు తిరిగింది. లోపలి తెల్లటి పొర పొలుసులుగా రాలింది. కొత్తలో ముక్కుపుటాలదిరే ఘాటు తగ్గింది. అది లైమొనీన్ అనే నూనె తగ్గడం వల్ల. దాని చోటున కర్పూరం, పాత చెక్కపెట్టె కలిసినట్టుండే చల్లటి వాసన నిలిచింది.

అందుకే నాకొకటి సహించదు. నిరుటి తొక్కని ఆవిరి పట్టి, తేయాకు డికాషన్‌లో ముంచి, ముప్పై ఏళ్ళ సరుకని అమ్మేవాళ్ళున్నారు. ఆ ముప్పై ఏళ్ళూ ఎండబెట్టిన చేతులేవి? కొనేవాళ్ళు తొక్కని వెలుతురుకు పట్టి చూడండి. మాలో నూనె గుంటలు చుక్కలు చుక్కలుగా కనబడతాయి, విరిస్తే పుటుక్కున విరుగుతాం, వేడినీళ్ళు పోస్తే తేటగా తేనెరంగు దిగుతుంది. రంగు వేసిన తొక్క నీళ్ళు వెంటనే మురికిగా నల్లబడతాయి, బూజువాసన కొడుతుంది. షిన్‌హుయ్ తొక్కకు 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మమ్మల్ని తయారుచేసే పద్ధతి 2021లో జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. అయినా మోసం ఆగలేదు.

పెళ్ళయ్యాక జాడీతో సహా నేను ఆ పిల్ల అత్తారింటికి వెళ్ళాను. కొత్త సంవత్సరం ముందు రాత్రి అక్కడ ఇంటిల్లిపాదీ కలిసి భోంచేశారు. పందిమాంసం, బాతు, చేప, బంకబియ్యపు పిండివంటలు. తిన్నాక మామగారికి కడుపు బిగదీసుకుపోయి, తేన్పులు మొదలయ్యాయి.

అత్తగారు నా రేకు ఒకటి తుంచి, గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, మెత్తబడ్డాక లోపల మిగిలిన పొరని చాకు మొనతో గీకేసింది. చేదు తగ్గడానికి ఆమె అలా చేస్తుంది. తర్వాత సన్నగా తరిగింది. మట్టికుండలో లీటరు నీళ్ళు పోసి, పది గ్రాముల ఎండు హాథార్న్ పండు ముక్కలు, పదిహేను గ్రాముల బార్లీ వేసింది. మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించిన బార్లీ అది. హాథార్న్ పులుపు ఇనుముతో పడదు, అందుకే మట్టికుండ. మొదట పెద్దమంట పెట్టి, తెర్లగానే తగ్గించి ఇరవై నిమిషాలు ఉంచింది. దించేముందు చిన్న పటికబెల్లం ముక్క వేసింది.

చైనా వైద్యం మా ముగ్గురికీ పని పంచింది. హాథార్న్ మాంసాన్ని అరిగిస్తుంది. మొలకబార్లీ అన్నం, పిండిపదార్థాల పని చూస్తుంది. నాది కడుపులో నిలిచిపోయిన వాయువును కదిలించే పని. కొవ్వుకూటికీ తేమరోజులకీ నన్ను తోడు పెట్టుకోమంటారు. ఇది భోజనం ఎక్కువైన రోజున ఊరట. కడుపునొప్పి తగ్గకపోయినా, వాంతులైనా, మలంలో రక్తం కనిపించినా నా కోసం జాడీ తెరవొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పుండో, మంటో ఉన్న కడుపుకు హాథార్న్ మంచిది కాదు, పరగడుపున ఎవరికీ వద్దు.

కుండలోని వాసనకి ఆ పిల్ల కూడా కప్పు పట్టుకొచ్చింది. చంకలో రెండు నెలల పసివాడు.

"నీకిది వద్దమ్మా, బార్లీ మొలక పాలు తగ్గిస్తుంది" అంది అత్తగారు.

"కొంచెమే అత్తయ్యా. నానమ్మ తొక్క కదా, వాసన చూసి ఆగలేకపోతున్నా."

"అయితే అదొక్కటే వేసిస్తా, ఆగు."

నా రెండో రేకు తుంచి, కడిగి, కప్పులో వేసి మరిగే నీళ్ళు పోసి మూత పెట్టింది. చక్కెర వేయలేదు. పిల్ల ఊదుకుంటూ తాగింది. మామగారు అప్పటికే రెండో గ్లాసు పూర్తిచేసి, నడుం వాల్చకుండా వాకిట్లో పచార్లు చేస్తున్నారు. పిల్ల కప్పు ఖాళీ చేసి మళ్ళీ వేడినీళ్ళు పోయమంది. పోయొచ్చు. పాత తొక్క రెండో నీళ్ళకీ, మూడో నీళ్ళకీ కూడా రంగు విడుస్తుంది.