మేఘము నిండినది: టీకా తాత్పర్య సహితము

అవతారిక

పూర్వకాలమున వ్యాఖ్యాతలు తమ దేశమున అందఱును చదువు గ్రంథములకే వ్యాఖ్యలు వ్రాసిరి గాని, ఎవ్వరును చదువని వానికి వ్రాయలేదు. మన కాలమున నిరక్షరాస్యులు సైతము చూచి గ్రహించుచున్నదియు, చూచిన ప్రతివానికిని ఎంతో కొంత చిత్తక్షోభము కలిగించుచున్నదియు, అయినను ఇంతవఱకు ఏ పండితుడును కన్నెత్తి చూడనిదియునగు గ్రంథమొకటి కలదు. అది నాలుగు వాక్యముల కృతి. సాధారణముగా పెండ్లిపందిరిలో, జీలకఱ్ఱ బెల్లము పెట్టు సమయమున, సెల్‌ఫోను పైకెత్తి నిలిచిన మేనమామ కనుల యెదుట అది ప్రత్యక్షమగును. ఆయన దానిని బొటనవ్రేలితో ప్రక్కకు త్రోసివేయును. మఱునాడు అది మరల వచ్చును. ఇంతటి పునరావృత్తి గల రచనకు వ్యాఖ్య లేకుండుట భాషకు లోపమని తలచి, ఈ ప్రయత్నమునకు పూనుకొంటిమి.

గ్రంథకర్త అమెరికా దేశపు ఆపిల్ కంపెనీ. రచనారంభము 2011వ సంవత్సరము, అక్టోబరు మాసము 12వ తేదీ. ఐక్లౌడ్ అను సేవ లోకమునకు తెఱవబడిన దినమది. పాఠభేదములు పెక్కులున్నవి, వానిని సంగ్రహించి, తెనిగించి, ఇచట మూలముగా నుంచుచున్నాము.

మూలము

మీ ఐక్లౌడ్ నిండినది. మీ ఫొటోలు, సందేశములు, బ్యాకప్ ఇకమీదట పైకి చేరవు. నెలకు 75 రూపాయలకు 50 జీబీ పొందుడు. లేదా, ఇప్పుడు కాదు.

ప్రతిపదార్థము

మీ = సొమ్ము చెల్లించి, రసీదు పుచ్చుకొని, పెట్టెతో సహా ఫోనును ఇంటికి తెచ్చుకొన్న మీయొక్క; ఐక్లౌడ్ = ఆకాశమున గాక భూమిపైననే, మీరెన్నడును చూడని చల్లని మందిరములందు, బారులు తీర్చిన కంప్యూటర్లలో మీ పేర కేటాయింపబడిన అర; నిండినది = 5 జీబీల మేరకు పూరింపబడినది; ఫొటోలు, సందేశములు, బ్యాకప్ = మీరు దాచదలచినవియు, దాచదలపకయే దాగినవియు; ఇకమీదట = ఈ క్షణము మొదలుకొని; పైకి చేరవు = ఫోనునందే యుండును, ఫోను పోయినచో దానితోపాటు పోవునని ధ్వని; నెలకు = ప్రతి నెలకును, మీరు వలదనువఱకు; 75 రూపాయలకు = సంవత్సరమునకు 900 రూపాయలకు; పొందుడు = ఆజ్ఞారూపమున నున్న ప్రార్థన; ఇప్పుడు కాదు = రేపు మరల అడుగబడును.

తాత్పర్యము

ఫోను కొనుట ముగిసినది. దానిలోని వస్తువులను కాపాడుటకు అద్దె మొదలైనది.

విశేషములు

ఈ మూలమున ఎల్లవారి దృష్టియు 75 మీదనే పడును. నిజమునకు చూడవలసిన సంఖ్య 5. ఐక్లౌడ్ పుట్టిన నాటి కొత్త ఫోనగు ఐఫోను 4ఎస్‌లో కనీసపు నిల్వ 16 జీబీలు. అనగా ఫోనులో దాదాపు మూడవవంతు చోటు పైన దొరకెడిది. నాటి కెమెరాతో, నాటి అలవాట్లతో, సామాన్య సంసారికి అది చాలినంతయే. 2025లో వచ్చిన ఐఫోను 17లో కనీసపు నిల్వ 256 జీబీలు. పైన ఉచితముగా దొరకునది మాత్రము నేటికిని 5 జీబీలే. లెక్క వేసినచో ఫోనులో ఏబదియొకటవ వంతు. ఫోను పదునాఱు రెట్లు పెరిగెను, కెమెరా పెరిగెను, ధర పెరిగెనని వేఱుగ చెప్పనక్కఱలేదు. పెరగనిది ఒక్క దాతృత్వమే. మఱియొక విశేషము: ఈ అయిదును ఫోనునకు కాదు, మనిషికి. ఒకడే ఫోనును, ఐప్యాడును, మాక్ కంప్యూటరును కొని మూడింటికి మూడు ధరలు చెల్లించినను, వానికి దక్కునవి పదునైదు గావు, అయిదే.

5 జీబీలెంతయో అనుభవపూర్వకముగా తెలియవలెనన్నచో, భోగినాడు పసిపాపకు భోగిపళ్ళు పోయు వేడుకను 4కే ప్రమాణమున, సెకనుకు 60 చిత్రముల చొప్పున వీడియో తీయవలెను. కంపెనీవారు ఫోను సెట్టింగులలో స్వయముగా వ్రాసిన లెక్క ప్రకారము నిమిషమునకు 400 ఎంబీలు. కావున పన్నెండు నిమిషములకు అర నిండును. ముత్తైదువలు వరుసగా వచ్చి, రేగుపళ్ళు, చిల్లర, పూలఱేకులు తలపై పోసి, పాప ఏడ్చి, ఊరుకొని, హారతి వచ్చులోపల పన్నెండు నిమిషములు దాటుట నిశ్చయము. హారతి మేఘమునకు చేరదు.

ఇక ఆండ్రాయిడ్ ఫోనువారు ఇది తమకు సంబంధించినది కాదని మురియ బనిలేదు. గూగుల్ వారు 2013 నుండి మెయిలు, డ్రైవు, ఫొటోలు అన్నింటికి కలిపి 15 జీబీలు ఇచ్చుచున్నారు. వాట్సాప్ బ్యాకప్ కొన్నేండ్లు ఆ లెక్కలోనికి రాకుండెను. 2023 నవంబరులో ఆ మినహాయింపు తీసివేయుదుమని ప్రకటించిరి. తన్మూలమున మన దేశమున జరిగినదేమనగా, కుటుంబ గ్రూపులో పెదనాన్నగారు ప్రతిదినము ఉషఃకాలమున పంపు తులసికోట బొమ్మయు, దానికి ప్రత్యుత్తరముగా పదునెనమండుగురు బంధువులు పంపు గులాబీలును, వేంకటేశ్వరస్వామివారి మెఱయు పటములును, మన పేర నున్న చోటునే ఆక్రమించుచున్నవి. పరుల శుభోదయములకు మనము అద్దె చెల్లించుట ధర్మశాస్త్రములలో ఎచ్చటను విధింపబడలేదు.

పూర్వవ్యాఖ్యలు, వాని ఖండనము

ఈ గ్రంథమునకు లిఖితవ్యాఖ్యలు లేకున్నను, మౌఖిక సంప్రదాయములు రెండు ప్రచారమున నున్నవి.

మొదటిది వీధి చివర సెల్‌పాయింటు కుఱ్ఱవాని సంప్రదాయము. "ఫోన్‌లో ఉన్నవన్నీ డిలీట్ కొట్టెయ్యండి సార్, క్లౌడ్‌లో ఉంటాయిగా" అని వీని వ్యాఖ్య. ఇది మిక్కిలి ప్రమాదకరము. బ్యాకప్ వేఱు, సింక్ వేఱు. బ్యాకప్ అనగా ఒక నకలు తీసి ఒక చోట దాచుట. సింక్ అనగా అన్ని పరికరములను ఒకే స్థితియందు నిలుపుట. ఐక్లౌడ్ ఫొటోలు రెండవ జాతికి చెందినవి. హైదరాబాదులో మామగారు చోటు చేయుటకై ఫోనులో తుడిచిన పటము, అదే ఖాతాతో మేడమీద అత్తగారు చూచుచున్న ఐప్యాడులో సైతము అదృశ్యమగును. 30 దినములు "ఇటీవల తొలగించినవి" అను సంచిలో కొట్టుమిట్టాడి, ఆపైన శాశ్వతముగా పోవును. తుడిచినవాడు బ్యాకప్ అని నమ్మి తుడిచెను. సింక్ తన ధర్మమును తాను యథావిధిగా నెఱవేర్చెను. పాపము కుఱ్ఱవానిదియే.

రెండవది ప్రవాస సంప్రదాయము. డల్లాసులోని మేనల్లుడు ఆదివారపు వీడియోకాలులో చెప్పునది: "డెబ్బై అయిదు రూపాయలే కదా మావయ్యా, ఒక కాఫీ ఖర్చు." ఈ దృష్టాంతము చెల్లదు. కాఫీ మానినవాడు అంతకుముందు త్రాగిన కాఫీలను గూర్చి బెంగపడ నక్కఱలేదు. ఈ అద్దె మానినవాని స్థితి అట్టిది కాదు: కొత్తవి పైకి పోవుట ఆగును; బ్యాకప్ ఆపి 180 దినములు గడచినచో, పైనున్న పాత బ్యాకప్‌ను సైతము తీసివేయుదురు. చిన్న మొత్తమగుటయే దీని బలము. నెలకు 75 గనుక ఎవ్వడును పోట్లాడడు, అయిదేండ్లకు 4,500 అగును గనుక ఎవ్వడును లెక్కింపడు.

పూర్వపక్షము

ఇట్లుండగా కంపెనీ పక్షవాది లేచి యిట్లు వాదించును: "అయ్యా, ఫోను వేఱు, నిల్వ వేఱు. డిస్కులు చెడును, కరెంటు కాలును, మనుష్యులకు జీతములియ్యవలెను. ఒకసారి తీసికొన్న ధరకు కలకాలము సేవ చేయుటెట్లు? అదియునుగాక, నిల్వను ఫోను ధరలోనే కలిపినచో, నెలకు పది ఫొటోలు తీయు వృద్ధుడు, దినమునకు వేయి తీయు యువకుని భారమును మోయవలసివచ్చును. ఉచితమని ఊరించినవారు చివరకేమి చేసిరి? గూగుల్ ఫొటోస్ 2015లో అపరిమితమని మొదలై, 2021 జూన్ 1 నాటికి ఆ మాట వెనుకకు తీసికొనలేదా? మూల్యము గల సేవయే నిలుచును."

ఇందు వృద్ధుని గూర్చిన మాట సత్యము, దానిని త్రోసిపుచ్చము. తక్కినది విచారింపదగును.

మూల్యము గల సేవయే నిలుచునను వాదమునకు ఈ కంపెనీ చరిత్రమే ప్రతిబంధకము. 2000వ సంవత్సరమున ఐటూల్స్ అను పేర వారీ సేవలను ఉచితముగా మొదలిడిరి. 2002లో దానికి డాట్ మాక్ అని పేరు పెట్టి, ఏటికి 99.95 డాలర్లు కట్టుడనిరి. 2008లో మొబైల్‌మీ అని మరల నామకరణము చేసి 99 డాలర్లు తీసికొనిరి. అది మొదటి దినములలో ఎంతటి అవస్థల పాలయ్యెనో, 2011లో స్టీవ్ జాబ్స్ స్వయముగా వేదికపైననే ఒప్పుకొనెను. డబ్బు చెల్లించినవారు వేలకొలది యుండగనే 2012 జూన్ 30న దానిని మూసివేసిరి. దానికి బదులుగా వచ్చిన ఐక్లౌడ్ మరల ఉచితము, అయిదు జీబీల మేరకు. ఉచితము, క్రయము, మరల ఉచితము: ఈ చక్రభ్రమణమున డిస్కుల ధరకన్న విక్రయనీతియే అధికముగా గానవచ్చుచున్నది.

ఫోను వేఱు, నిల్వ వేఱు అనునది అంతకన్న దుర్బలము. 1996 నాటి పామ్ వారి పైలట్ అను చేతియంత్రముతో ఒక చిన్న పీఠము వచ్చెడిది. యంత్రమును దానిపై నిలిపి ఒక్క మీట నొక్కినచో, చిరునామాలు, క్యాలెండరు కంప్యూటరుతో సరిపోలెడివి. అద్దె లేదు. ఐఫోను సైతము తొలినాళ్ళలో తీగతోనే కంప్యూటరునకు తగిలింపబడి సింక్ అయ్యెడిది. కొత్త ఫోను మేల్కొనుటకే కంప్యూటరు కావలసియుండెను. 2011లో ఆ తీగను తెంపి, కంప్యూటరుతో నిమిత్తము లేదు, అంతయు మేఘముననే జరుగునని చెప్పినవారు కంపెనీవారే. వారి మాట నమ్మి కంప్యూటరు లేకయే ఫోను కొన్నవారు మన ఊళ్ళలో కోకొల్లలు. తీగ యుండగా సింక్ ఫోనులో భాగము. తీగ పోగానే వేఱొక సరకు. ఈ రూపాంతరము ఏ నిమిషమున జరిగినదో పక్షవాది చెప్పడు.

అమ్మినవాడు నిల్వ నిచ్చుట అసాధ్యమను మాటకు గూగుల్ వారి తొలి పిక్సెల్ ఫోనే సమాధానము. 2016లో దానిని కొన్నవారికి ఫొటోలను మూలప్రమాణముననే, పరిమితి లేకుండ దాచుకొను వరమిచ్చిరి. తరువాతి ఫోనులకు ఆ వరము క్రమముగా సన్నగిల్లి, 2021 నాటి పిక్సెల్ 6 వచ్చుసరికి పూర్తిగా అంతరించెను. చేయలేక మానినది కాదు, అక్కఱ తీరి మానినది.

సిద్ధాంతము

కావున మా నిర్ణయమిది. ఫోను ఫోనుగా నుండుటకు కావలసినవి, అనగా పేర్లు, నంబర్లు, క్యాలెండరు, సందేశములు, సెట్టింగులు, ఫోను పోయిననాడు కొత్తదానిలో పాత సంసారమును నిలబెట్టుటకు చాలిన ఒక్క బ్యాకప్, ఇవి ఫోను ధరలోనివి. వీనికి వేఱుగ అడుగుట అన్యాయము. ఆ ఉచితభాగము మనిషిని బట్టి గాక, అమ్మిన ప్రతి పరికరమును బట్టి కొలువబడవలెను; పరికరము పెరిగినకొలది అదియు పెరుగవలెను. పెండ్లి వీడియోలు, భోగిపళ్ళు, పెదనాన్నగారి తులసికోటలు వీనికి చోటు కావలసినవాడు చెల్లింపవలసినదే. వృద్ధుని నెత్తిన వేయరాదు.

ఇంతకన్న ముఖ్యమైనది మఱొకటి. చెల్లింపదలచినవాడు ఎవనికి చెల్లింపవలెనో తానే ఎన్నుకొనగలుగవలెను. ఐఫోనులోని ఫొటోలను ఇతరుల నిల్వకు పంపవచ్చును గాని, ఫోను యావత్తునకు బ్యాకప్ తీయవలెనన్న ఐక్లౌడ్ ఒకటి, సొంత కంప్యూటరు ఒకటి, ఈ రెండే దారులు. మూడవ దారికి తలుపు వేసి, అద్దెయిల్లు చూపువాడు, ఆ అద్దె తక్కువేనని వాదించుట మర్యాద గాదు. తలుపు తెఱచినచో 75 న్యాయమో, 50 న్యాయమో అంగడియే తేల్చును. మా వ్యాఖ్యతో పని లేదు.

చదువరులలో నెలకు 75 రూపాయలు కట్టుచున్నవారు నిస్సంకోచముగా కట్టుడు, సుఖము కలదు. కట్టదలపనివారు మాత్రము సెల్‌పాయింటు వ్యాఖ్యను నమ్మి ఫోనులో ఏదియు తుడువకుడు. ముందుగా ఒక హార్డ్ డిస్కు కొనుడు. కంప్యూటరు లేకున్నచో ప్రక్కింటి పిల్లవానిని ఆదివారము పిలిచి, కాఫీ యిచ్చి, మనుమరాలి ఫొటోలన్నియు అందులోనికి ఎక్కించుకొని, అవి తెఱచుకొనుచున్నవో లేదో ఒకటి రెండు చూచి, ఆ పిమ్మటనే తుడువుడు.