బండి నేల మీద నిలబడ్డాకే బిగించాలి

మొన్న సంక్రాంతికి వచ్చిన మనవడు నా మార్క్-4 అంబాసిడర్‌లో విజయవాడ నుంచి ఉయ్యూరు దాకా తిరిగొచ్చి, "తాతయ్యా, బండి కిర్రుకిర్రుమంటోంది. ఈ కమాన్ కట్టలు పీకించేసి కాయిల్ స్ప్రింగులు వేయిద్దాం. ముందు భాగం కాస్త కిందికి దింపిద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కిర్రు ఎక్కడినుంచి వస్తోందో వంగి చూశావుట్రా అంటే, లేదన్నాడు.

మా రోజుల్లో గోనెసంచి పరుచుకుని బండి కింద దూరాకే ఏ మాటైనా. డెల్టా రోడ్లు మాకు ఆ అలవాటు నేర్పాయి. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిచ్చి కుంగుతుంది. పైన ఎంత తారు పోసినా రోడ్డు అలలు అలలుగా లేస్తుంది. పామర్రు చేరేలోపు ఏ మూల బుష్షు పోయిందో వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ చెప్పేసేది. ఆదివారం పొద్దున్నే జాకీ ఎత్తి, కింద చెక్కదిమ్మెలు పెట్టేవాళ్లం. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి తల పెట్టినవాణ్ణి మా నాన్న చెవి పట్టుకుని బయటికి లాగేవాడు.

అంబాసిడర్‌కి ముందు టార్షన్ బార్లుంటాయి. పొడుగాటి ఉక్కు కడ్డీలవి, మెలితిరుగుతూ బరువు మోస్తాయి. ఏళ్ల తరబడి ఎటు మెలితిరిగిన బారు అటే అలవాటు పడుతుంది. అందుకే విప్పే ముందే సుద్దముక్కతో కుడి, ఎడమ రాసుకోవాలి. ఇప్పటి కుర్రాళ్లు రెండూ ఒక మూలన పడేసి, సాయంత్రం ఏది ఎటుదో తెలియక తల పట్టుకుంటున్నారు.

వెనక కమాన్ కట్టలది ఇంకా ఓపిక పని. కట్ట విప్పి, పట్టీ పట్టీ విడదీసి, వైర్ బ్రష్‌తో తుప్పు తోమి, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు రాయాలి. వంపు పోయిన పట్టీలను ఆటోనగర్‌లో కమాన్లు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ వంపు పెట్టించుకోవాలి. నాకు ఒకచోట వంపు పెట్టకుండా, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పైన ఒక పట్టీ ఎక్కించి పంపారు. బండి వెనక ఎత్తుగా నిలబడింది, చూడ్డానికి బాగుంది. కూర్చుంటే నడుములు విరిగాయి. మళ్లీ విప్పి ఆ పట్టీ తీసేదాకా నాకు నిద్రపట్టలేదు.

కొత్తవన్నీ వద్దనను. గ్యాస్ షాక్ అబ్జార్బర్లు మంచివే, నేనూ వేయించాను. కానీ అరిగిన బుష్షుల మీద కొత్త షాకులు వేస్తే డబ్బు దండగ. ముందు పాతది పాతదానిలా పనిచేయాలి. ఏం మార్చాలో అప్పుడే తెలుస్తుంది. స్ప్రింగులు కోసి బండిని నేలకు ఆనించడం మార్పు కాదు, హింస. ఉత్తరపారాలో ఈ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది. పాడు చేసుకుంటే కొత్తది కొనలేం.

మా వాడి కిర్రు సంగతి చూశాం. వెనక కమాన్ కట్టల షాకిల్ రబ్బరు బుష్షులు అరిగిపోయాయి. ఇద్దరం కలిసి మార్చాం. వాడు బండి దిమ్మెల మీద ఉండగానే బోల్టు బిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి, కొద్ది రోజుల్లోనే చిరిగిపోతుంది.

పాత బండి ఇంట్లో ఉన్న కుర్రాళ్లందరికీ నేను చెప్పేదొకటే. బోల్టులు చేత్తో బిగించి వదలండి. దిమ్మెలు తీసి బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టండి. రెండుసార్లు ఊపి, అప్పుడు గట్టిగా బిగించండి.