గల్లాపెట్టె ఆత్మకథ

ఈ గల్లాపెట్టె ఆకుపచ్చ రేకుది. లోపల చిల్లరకు అరలున్న ప్లాస్టిక్ తట్ట. తాళంచెవి ఒకటి ఎప్పుడో పోయింది. రెండోది కోశాధికారమ్మ కారు తాళాల గుత్తిలో ఉంది. ఉండేది టెక్సాస్‌లో, డల్లాస్ శివారులోని హైస్కూలు అమ్మాయిల వాలీబాల్ క్లబ్బులో. తన కథ తనే చెప్పుకుంటున్నా ఈ పెట్టె ‘నేను’ అనదు. లోపలున్న డాలరు ఒక్కటీ తనది కానప్పుడు ఆ మాట దానికి ఎబ్బెట్టు.

శనివారం వచ్చిందంటే దానికి తడి తప్పదు. కార్‌వాష్‌లో సబ్బు చేతులతో పిల్లలు అందుకున్న నోట్లు ఒకదానికొకటి అతుక్కునే లోపలికొస్తాయి. సాయంత్రం కోశాధికారమ్మ వాటిని విడదీసి, వంటింటి గట్టు మీద ఆరబెట్టి మరీ లెక్కపెడుతుంది. కార్‌వాష్ పక్కనే బల్ల మీద కుకీలు, బ్రౌనీలు. ఓసారి ఒక తెలుగు తల్లి సున్నుండలు తెచ్చి ‘ప్రోటీన్ బాల్స్’ అని చీటీ అంటిస్తే, అన్నిటికంటే ముందు అవే ఖాళీ అయ్యాయి.

ఈ పాట్లన్నీ దారిఖర్చుల కోసమే. కాలేజీ కోచ్‌లకు ఒక్కో స్కూలూ తిరిగే తీరిక ఉండదు. వందల జట్లు ఒకే కప్పు కింద ఆడే చోటికి వెళ్తారు. ఏఏయూ (అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్) జాతీయ పోటీలు జరిగే ఓర్లాండో కన్వెన్షన్ సెంటర్ అలాంటిదే. కోర్టు చివర యూనివర్సిటీ చొక్కా వేసుకున్న కోచ్ జెర్సీ నంబరు చూసి ఏదో రాసుకుంటారు. పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా వాళ్లు పిల్లలతో తమ జట్టులో చేరే మాట ఎత్తకూడదని, కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పై స్థాయి (డివిజన్ వన్) కాలేజీలకు పెట్టిన నియమం. కోచ్ రాసుకున్నది మెప్పో పెదవి విరుపో తెలియక గ్యాలరీలో తల్లిదండ్రులు మెడలు సాచి చూస్తుంటారు.

నచ్చిన పిల్లను కాలేజీ అధికారికంగా పిలిస్తే ప్రయాణ ఖర్చు అదే భరించవచ్చు. టోర్నమెంటుకు మాత్రం ఎవరి ఖర్చు వాళ్లదే. విమానం, ఎంట్రీ ఫీజు, అమ్మానాన్నల గేటు టికెట్. ఆపైన హోటలు. చాలాచోట్ల ‘స్టే టు ప్లే’ అంటారు: నిర్వాహకులు చూపిన హోటళ్లలో దిగితేనే జట్టును ఆడనిస్తారు. పక్క వీధిలో సగం ధరకు గది దొరికినా లాభం లేదు. అమెరికా కుటుంబం పిల్లల ప్రధాన ఆటకు ఏటా పెట్టే సగటు ఖర్చు ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ సర్వేల్లో 2019లో 693 డాలర్లు, 2024కి 1,016. ఊరూరా తిరిగే క్లబ్బుల వాళ్లకు ఈ సగటు చూస్తే నవ్వొస్తుంది.

కాబట్టే పేచీ. “ఎక్కువ అమ్మింది మేం, మా అమ్మాయి ఫీజులో తగ్గించండి” అనే తల్లిదండ్రులు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. వర్జీనియాలో క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ అలాగే చేసింది. అమ్మినదాన్ని బట్టి పాయింట్లు, పాయింట్లను బట్టి సొంత పిల్లల ఖర్చులో కోత. సేవాసంస్థ పేరుతో ఎవరి జేబు వాళ్లు నింపుకోవడమే ఇదని పన్ను శాఖ ఆ క్లబ్బు పన్ను మినహాయింపును రద్దు చేసింది. 2013లో టాక్స్ కోర్టు అది సబబేనంది.

పెట్టెకు ఆ తీర్పు మహా నచ్చింది. శనివారం కూడా డ్యూటీకి పోయే తల్లి కుకీలు ఎప్పుడు అమ్ముతుంది? ఆమె కూతురు ఎంత బాగా ఆడినా పాయింట్లు సున్నానే కదా!

పైగా స్కాలర్‌షిప్ ఆశతో పెట్టే ఈ ఖర్చు పెట్టుబడి లెక్కన చూసినా గిట్టుబాటు బేరం కాదు. హైస్కూలు క్రీడాకారుల్లో కాలేజీ క్రీడా స్కాలర్‌షిప్ అందుకునేవాళ్లు సుమారు 2 శాతమని ఎన్‌సీఏఏ మాటే. డివిజన్ త్రీ కాలేజీలు, ఐవీ లీగ్ అయితే ఆటకని స్కాలర్‌షిప్ అసలే ఇవ్వవు.

ఇలాంటి క్లబ్బుల పద్దులు చూసే తెలుగువారికి పెట్టె విన్నపం ఒక్కటే. మీ లెక్కల్లో ‘ఫలానా అమ్మాయి ఖాతా’ అనే గడి ఉంటే ఈ సీజన్ మొదలయ్యేలోపే కొట్టేయండి. వచ్చిన డబ్బుతో ముందు టికెట్టు కొనలేని పిల్లకు టికెట్టు కొనండి.